కిడ్నీలో రాయి: నొప్పి పట్టిన రాత్రి మొదలు, మళ్లీ రాకుండా చూసుకునేదాకా

మూత్రపిండంలో కదలకుండా కూర్చున్న రాయి చాలామందిని ఏళ్ల తరబడి ఏమీ అనదు. వేరే దేనికోసమో తీయించుకున్న స్కానింగులో బయటపడితే తప్ప అది ఉన్న సంగతే మనకు తెలియదు. అది అక్కడి నుంచి జారి, కిడ్నీ నుంచి మూత్రాశయానికి దిగే మూత్రనాళంలో ఇరుక్కున్న రోజున మాత్రం మనిషి నేల మీద దొర్లుతాడు. ఆ నాళం లోపలి వెడల్పు సుమారు 3, 4 మిల్లీమీటర్లే. దారి మూసుకుపోగానే పైన మూత్రం నిలిచిపోయి కిడ్నీ ఉబ్బుతుంది, రాయిని కిందికి నెట్టాలని నాళం బిగుసుకుంటుంది. ప్రధానంగా ఈ ఒత్తిడే నొప్పి. అందువల్ల నొప్పి తీవ్రతను బట్టి రాయి సైజు చెప్పలేము. నువ్వుగింజంత రాయి ప్రాణం తోడేయవచ్చు, ఉసిరికాయంత రాయి కిడ్నీలో చడీచప్పుడు లేకుండా పెరగవచ్చు.

నాకు ఈ బాధ రెండుసార్లు వచ్చింది. మొదటిసారి చేసిన పనులలో సగం తప్పులే. రెండోసారికి కొంత తెలిసింది. ఒక రోగి ఏ వరుసలో ఈ దశలన్నీ దాటుతాడో ఆ వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను. ఇది వైద్యుడికి బదులు కాదు. వైద్యుడి దగ్గరకు ఎప్పుడు వెళ్లాలో, వెళ్లాక ఏమి అడగాలో తెలుసుకోవడానికి పనికొస్తుంది.

1. ఇది రాయి నొప్పేనా అని గుర్తుపట్టడం

నొప్పి సాధారణంగా వీపుకు ఒక పక్కన, చివరి పక్కటెముక కింద మొదలై, పొత్తికడుపు మీదుగా గజ్జల్లోకి దిగుతుంది. మగవారికి వృషణాల్లోకీ లాగుతుంది. అలలు అలలుగా వస్తుంది: పెరిగి, భరించలేనంతై, కొంత తగ్గి, మళ్లీ లేస్తుంది. వాంతులు, చెమటలు తోడవుతాయి. మూత్రం మాంసం కడిగిన నీళ్లలా ఎర్రగా రావచ్చు. రాయి మూత్రాశయం దగ్గరికి చేరేసరికి మాటిమాటికీ మూత్రానికి వెళ్లాలనిపిస్తుంది, వెళితే నాలుగు చుక్కలే వస్తాయి.

ఒక తేడా గుర్తుంచుకోదగినది. అపెండిసైటిస్ వంటి కడుపు లోపలి వాపు ఉన్నవారు కదిలితే నొప్పి ఎక్కువవుతుందని ముడుచుకుని పడుకుంటారు. రాయి నొప్పి పట్టినవారు ఒక్క క్షణం కుదురుగా ఉండలేరు. కూర్చుంటారు, లేస్తారు, గోడకు వీపు ఆనిస్తారు, మళ్లీ పడుకుంటారు. మొదటి రాత్రి నేను గ్యాసు అనుకుని వాము నీళ్లు తాగి తెల్లవారేదాకా వరండాలో పచార్లు చేశాను. అలా తిరగడమే రోగలక్షణమని మర్నాడు డాక్టరు చెప్పేదాకా నాకు తెలియదు.

2. ఇంట్లో ఉండకూడని సందర్భాలు

నొప్పితో పాటు చలిజ్వరం వస్తే మరో ఆలోచన పెట్టుకోవద్దు. మూసుకుపోయిన కిడ్నీలో చీము పట్టడం మొదలైతే అది గంటల్లో రక్తానికి పాకి ప్రాణం మీదికి రావచ్చు. అప్పుడు యాంటీబయాటిక్ ఒక్కటే చాలదు, మూత్రనాళంలో పెట్టే సన్నని గొట్టం (స్టెంటు) ద్వారానో, వీపు నుంచి పెట్టే గొట్టం ద్వారానో నిలిచిన మూత్రాన్ని బయటకు తీయాలి. ఈ వ్యాసంలో ఒక్క పేరానే గుర్తుంచుకోగలిగితే ఇదే గుర్తుంచుకోండి.

మూత్రం పూర్తిగా ఆగిపోయినా, ఒకటే కిడ్నీ ఉన్నా, గర్భవతి అయినా, వాంతుల వల్ల మాత్ర కడుపులో నిలవకపోయినా, మాత్ర వేసుకున్న గంటకు కూడా నొప్పి లొంగకపోయినా ఆసుపత్రికే వెళ్లాలి. 60 ఏళ్లు దాటిన వ్యక్తికి జీవితంలో మొదటిసారి ఇలాంటి నొప్పి వస్తే అది గుండె నుంచి దిగే పెద్ద ధమని ఉబ్బి చిట్లడం కూడా కావచ్చు. నెలసరి తప్పిన స్త్రీలో గర్భసంచి బయట నిలిచిన గర్భం కావచ్చు. కుర్రవాడికి నొప్పి వృషణంలోనే ఎక్కువగా ఉంటే వృషణం మెలిపడి ఉండవచ్చు, దానికి ఉన్న గడువు కొన్ని గంటలే. వీటిలో దేనినీ ఇంట్లో కూర్చుని తేల్చలేము.

3. నొప్పిని అణచడం

రాయి నొప్పికి ముందుగా ఇవ్వవలసిన మందు డైక్లోఫెనాక్ తరగతికి చెందిన నొప్పి మాత్ర లేదా ఇంజెక్షన్. అది కేవలం బాధ తెలియకుండా చేసే మందు కాదు. దారి మూసుకున్న కిడ్నీలో ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు విడుదలై, రక్తప్రసరణను పెంచి, మూత్రాన్ని ఇంకా తయారు చేయించి, ఒత్తిడిని మరింత ఎక్కిస్తాయి. డైక్లోఫెనాక్ వాటి తయారీనే అడ్డుకుంటుంది. ఆ కారణంగానే మార్ఫిన్ జాతి మందుల కన్నా దీనినే ముందు ఎంచుకుంటారు. వాంతులవుతున్నవారికి మలద్వారంలో పెట్టే బిళ్ల రూపంలోనూ దొరుకుతుంది, సిగ్గుపడకుండా అడగవచ్చు.

అయితే ఇది అందరికీ పనికిరాదు. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే కొలత) ఎక్కువగా ఉన్నవారు, కడుపులో పుండు ఉన్నవారు, గుండె జబ్బు ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు, గర్భవతులు, ఇలాంటి మాత్రలతో ఆయాసం వచ్చే ఉబ్బస రోగులు దీనిని సొంతంగా వాడకూడదు. వారికి పారాసిటమాల్‌తో మొదలుపెట్టి మిగతాది వైద్యుడు నిర్ణయిస్తాడు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం వారికి ఈ మాట మరీ ముఖ్యం. అక్కడ ప్రబలిన దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు రాళ్ల జబ్బు కాదు, కానీ ఆ జబ్బు తెలియకుండా ఉన్నవారికి నొప్పి ఇంజెక్షన్లు వరసగా పడితే ఉన్న కిడ్నీ కూడా దెబ్బతింటుంది. ఏ ఊరివారైనా సరే, రోజు విడిచి రోజు సూది వేయించుకుంటూ వారాలు నెట్టడం రాయి కన్నా ప్రమాదకరం.

కండరాలు వదులు చేసే డ్రోటావెరిన్, హయోసిన్ వంటివి మన దగ్గర విరివిగా ఇస్తారు. వాటిని తోడుగా అనుకోవాలే తప్ప డైక్లోఫెనాక్‌కు బదులుగా అనుకోకూడదు. వేడినీళ్ల సంచి మాత్రం నిజంగా ఉపశమనం ఇస్తుంది. దానిని పలుచని తువ్వాలులో చుట్టి నొప్పి ఉన్న పక్కన పెట్టుకోవాలి. చర్మం కమిలేంత వేడి అక్కర్లేదు.

ఇక మన ఇళ్లలో అందరూ చేసే తప్పు: నొప్పి పట్టగానే "చెంబుడు నీళ్లు తాగు, రాయి కొట్టుకుపోతుంది" అంటారు. నేనూ తాగాను, తాగినవన్నీ వాంతి చేసుకున్నాను. మూసుకున్న గొట్టంలోకి ఇంకా నీళ్లు పంపితే ఒత్తిడి పెరుగుతుందే తప్ప రాయి పరుగెత్తదు. నొప్పి ఉన్నంతసేపు దాహం తీరేంత, గుక్క గుక్కగా తాగితే చాలు. నీళ్లకు వేరే సమయం ఉంది, దాని గురించి కింద చెబుతాను.

4. పరీక్షలు, రిపోర్టు చదవడం

సాధారణంగా మూత్రపరీక్ష, క్రియాటినిన్, అల్ట్రాసౌండ్ స్కాన్ ముందు చేస్తారు. అల్ట్రాసౌండ్ కిడ్నీలోని వాపును బాగా చూపిస్తుంది కానీ మూత్రనాళం మధ్యలో ఉన్న చిన్న రాయిని తరచు పట్టుకోలేదు. కచ్చితంగా తేలాలంటే రంగు మందు ఎక్కించకుండా తీసే సీటీ స్కాన్ కావాలి. గర్భవతులకు, పిల్లలకు అల్ట్రాసౌండ్‌కే మొగ్గుతారు. మామూలు ఎక్స్‌రేలో యూరిక్ యాసిడ్ రాళ్లు కనబడవు కనుక "ఎక్స్‌రేలో ఏమీ లేదు" అంటే రాయి లేదని అర్థం కాదు.

రిపోర్టులో మూడు సంగతులు వెతకండి: రాయి ఎన్ని మిల్లీమీటర్లు, నాళంలో పైన ఉందా కింద ఉందా, కిడ్నీ ఎంత ఉబ్బింది. తరువాతి నిర్ణయాలకు ఈ మూడే ఆధారం.

5. రాయి దిగేదాకా వేచి ఉండడం

5 మి.మీ. లోపు రాళ్లలో ఎక్కువ భాగం వాటంతట అవే పడిపోతాయి. 5 నుంచి 10 మి.మీ. మధ్య అవకాశం సగానికి సగం. 10 దాటితే ఎదురుచూడడంలో అర్థం లేదు. నాళం కింది భాగంలో ఉన్న, 5 మి.మీ. దాటిన రాయికి టామ్సులోసిన్ అనే మాత్ర ఇస్తారు. అది నాళాన్ని వదులు చేస్తుంది. లేచి నిలబడ్డప్పుడు తల తిరగవచ్చు కనుక రాత్రి పడుకునే ముందు వేసుకోవడం మంచిది. మగవారికి ఆ మందు వాడినన్నాళ్లు వీర్యం బయటకు రాకపోవచ్చు. ఇది ముందే చెప్పేవారు తక్కువ, చెప్పకపోతే మనిషి హడలిపోతాడు.

ఈ ఎదురుచూపుకు హద్దు 4 నుంచి 6 వారాలు. అంతవరకు ప్రతిసారీ మూత్రాన్ని వడకట్టాలి. ఒక టీ వడపోత గిన్నెను దీనికే కేటాయించి, స్నానాలగదిలో మేకుకు తగిలించుకోండి. నా రాయి 11వ రోజు పొద్దున్నే "టిక్" మని ఆ జల్లెడలో పడింది. గోధుమ రంగు, నువ్వుగింజ కన్నా కాస్త పెద్దది, అచ్చం పల్లేరుకాయలా చుట్టూ ముళ్లు. 11 రోజులు నన్ను ఏడిపించింది ఇదేనా అని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాను. దానిని కడిగి, ఆరబెట్టి, ఖాళీ మందుసీసాలో వేసి ల్యాబుకు పంపాలి. పారేయవద్దు. అది ఏ పదార్థమో తెలిస్తేనే నివారణకు దారి దొరుకుతుంది.

మరో హెచ్చరిక. నొప్పి తగ్గిపోయిందంటే రాయి పడిపోయినట్టు కాదు. కొన్నిసార్లు రాయి అక్కడే ఉండి, కిడ్నీ ఆ ఒత్తిడికి అలవాటుపడి, నొప్పి లేకుండానే మెల్లగా పాడైపోతుంది. రాయి కంటికి కనబడకపోతే గడువు ముగిశాక తప్పకుండా మళ్లీ స్కాన్ చేయించాలి.

6. దిగకపోతే

శరీరం బయటి నుంచి తరంగాలు పంపి రాయిని పొడి చేసే లిథోట్రిప్సీని 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో మొదటిసారి మనిషిపై ప్రయోగించారు. ఇప్పుడు దానితో పాటు మూత్రమార్గం గుండా సన్నని దుర్భిణి పంపి లేజరుతో పగలగొట్టడం, 2 సెంటీమీటర్లు దాటిన కిడ్నీ రాళ్లకు వీపులో చిన్న రంధ్రం చేసి తీయడం వాడుకలో ఉన్నాయి. ఏది ఎవరికన్నది రాయి సైజు, చోటు, గట్టిదనం నిర్ణయిస్తాయి. ఖర్చు విషయంలో, మీ చికిత్స ఆరోగ్యశ్రీ జాబితాలో ఉందో లేదో, ఆసుపత్రిలో చేరకముందే అక్కడ ఆ పథకం వ్యవహారాలు చూసే ఆరోగ్యమిత్రను అడగండి.

చికిత్స తరువాత లోపల డీజే స్టెంటు (రెండు కొనలూ వంకీ తిరిగిన సన్నని గొట్టం) పెట్టినట్లయితే దానిని తీసే తేదీని ఇంట్లో క్యాలెండరు మీద ఎర్రసిరాతో రాసుకోండి. స్టెంటు ఉన్నన్నాళ్లు మంట, మూత్రంలో రక్తం మామూలే. బాధ తగ్గిందని దానిని మరచిపోయినవారిలో ఆ స్టెంటు చుట్టూనే రాళ్లు కట్టి, మొదటి ఆపరేషను కన్నా కష్టమైన ఆపరేషను అవసరమవుతుంది.

7. నీళ్లు: తాగినవి కాదు, పోసినవి లెక్క

నివారణ చర్యలేవీ తీసుకోకపోతే ఒకసారి రాయి వచ్చినవారిలో సుమారు సగం మందికి 10 ఏళ్లలోపు మళ్లీ వస్తుంది. దీనికి అన్నిటికన్నా చవకైన మందు నీళ్లే. ఇటలీలోని పార్మాలో మొదటిసారి రాయి వచ్చిన 199 మందిని 5 ఏళ్లు గమనించి 1996లో ఫలితాలు ప్రచురించారు. ఎక్కువ నీళ్లు తాగమని చెప్పిన గుంపులో 12 శాతం మందికి, ఏమీ చెప్పని గుంపులో 27 శాతం మందికి రాళ్లు తిరిగి వచ్చాయి.

లక్ష్యం రోజుకు కనీసం 2.5 లీటర్ల మూత్రం. ఎన్ని గ్లాసులు తాగాలి అని అడిగితే జవాబు ఒకటే ఉండదు. ఏసీ గదిలో కూర్చునేవారికి 3 లీటర్ల నీళ్లు సరిపోవచ్చు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఎండలో పనిచేసేవారికి 4 లీటర్లు తాగినా చెమటకే పోయి, మూత్రం లీటరు కూడా రాకపోవచ్చు. అందుకని ఒక సెలవు రోజున గీతలున్న డబ్బాలో 24 గంటల మూత్రాన్ని పట్టి కొలవండి. నేను రోజుకు 3 లీటర్లు తాగుతున్నానని గట్టిగా నమ్మేవాడిని. కొలిస్తే వచ్చిన మూత్రం 1,300 మిల్లీలీటర్లు. ఆ కొలత తరువాతే నా అలవాటు మారింది.

కొలవలేని రోజుల్లో రంగు చూడండి. మూత్రం లేత నిమ్మరంగులో ఉంటే సరే, పసుపు చిక్కబడితే తక్కువైనట్టు. నీళ్లను రోజంతా పరచుకోవాలి, పడుకోబోయే ముందు ఒక గ్లాసు, రాత్రి మూత్రానికి లేచినప్పుడు మరో అర గ్లాసు తాగాలి. మూత్రం చిక్కబడేది నిద్రలోనే. మరుగుదొడ్డి సరిగా లేదని పొద్దుటి నుంచి నీళ్లు ముట్టని బడి పంతులమ్మలు, బస్సు కండక్టర్లు, మార్కెట్లో కూర్చునే అమ్మకందారులు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. గల్ఫ్ ఎండల్లో పనిచేసే మనవారిదీ ఇదే పరిస్థితి. వీరు పనికి ముందు, పని ముగిశాక అయినా లోటు పూడ్చుకోవాలి. గుండె బలహీనత వల్లనో, కిడ్నీ జబ్బు వల్లనో నీళ్లు తగ్గించమని డాక్టరు చెప్పినవారికి మాత్రం ఈ లెక్క వర్తించదు.

బోరు నీళ్లలో సున్నం ఎక్కువ కనుకే రాళ్లు వస్తున్నాయని చాలామంది నమ్మకం. నీటి కరుకుదనం కన్నా ఎంత తాగామన్నదే చాలా ఎక్కువ ప్రభావం చూపుతుంది. నీళ్లు ఉప్పగా ఉన్నాయంటూ తాగడం తగ్గించుకునేవారికే అసలు నష్టం.

8. కంచంలో మార్చవలసినవి

మొదట ఉప్పు. మనం తినే ఉప్పులోని సోడియం కిడ్నీల గుండా బయటకు పోతూ తనతో కాల్షియాన్ని కూడా మూత్రంలోకి లాక్కుపోతుంది. రోజుకు 5 గ్రాముల లోపు, అంటే అన్ని వంటల్లో కలిపి ఒక చిన్న చెంచా ఉప్పు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మన భోజనంలో కూరలో ఉప్పు కన్నా పక్కన వేసుకునే ఆవకాయ, అప్పడం, వడియాలు, ఊరమిరపకాయలే ఈ హద్దును దాటిస్తాయి. ఆవకాయ మానేయమని తెలుగువాడికి చెప్పే ధైర్యం నాకు లేదు. వారానికి రెండు పూటలకు కుదించుకోమంటాను, ఆ పూట అప్పడం వద్దంటాను.

తరువాత కాల్షియం. రాయి కాల్షియంతో తయారైంది కనుక పాలు, పెరుగు మానేయాలన్న సలహా ఇప్పటికీ వినిపిస్తుంది. ఇది తలకిందులు సలహా. పార్మా వైద్యులే 2002లో మరో అధ్యయనం ప్రచురించారు. మూత్రంలో కాల్షియం ఎక్కువగా పోయే 120 మంది మగవారిలో సగం మందికి కాల్షియం తగ్గించారు, మిగతా సగానికి కాల్షియం మామూలుగానే ఉంచి ఉప్పు, మాంసం తగ్గించారు. 5 ఏళ్లలో కాల్షియం తగ్గించినవారిలో 23 మందికి, రెండో గుంపులో 12 మందికి మాత్రమే రాళ్లు తిరిగి వచ్చాయి.

కారణం తెలిస్తే వంటింట్లోనే పరిష్కారం కనబడుతుంది. రాళ్లలో అధికభాగం కాల్షియం ఆక్సలేట్. ఆక్సలేట్ కొన్ని ఆకుకూరల్లో, గింజల్లో ఉంటుంది. పేగులో దానికి కాల్షియం ఎదురైతే రెండూ అక్కడే కలిసి మలంతో పోతాయి. కాల్షియం లేకపోతే ఆక్సలేట్ ఒంటరిగా రక్తంలోకి, అక్కడి నుంచి కిడ్నీలోకి చేరుతుంది. అంటే పాలకూర పప్పుతో అన్నం తిని, చివర పెరుగన్నంతో ముగించే మన పాత పద్ధతి ఈ జబ్బుకు సరిగ్గా సరిపోయే పద్ధతి. పెరుగు తీసేసి పప్పు ఉంచితే నష్టం. కాల్షియం మాత్రలు వాడేవారు కూడా వాటిని పరగడుపున కాక భోజనంతో పాటే వేసుకోవాలి.

ఆక్సలేట్ విషయంలో ముందు వరుసలో నిలిచేది పాలకూర. తోటకూర, చుక్కకూర, బీట్‌రూట్, బాదం, జీడిపప్పు కూడా జాగ్రత్తగా తినవలసినవే. ఆకుకూరను ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే కొంత తగ్గుతుంది. రోజూ పొద్దున్నే గ్లాసుడు పాలకూర రసం తాగడం ఆరోగ్యం అనుకునేవారు మాత్రం వెంటనే మానాలి. టమాటా గింజలే కిడ్నీలో రాళ్లవుతాయన్నది వట్టి అపోహ. టమాటాలో ఆక్సలేట్ తక్కువ, పైగా గింజలు కిడ్నీలోకి వెళ్లే దారే లేదు.

మాంసం, చేపలు, కోడి ఎక్కువైతే మూత్రం ఆమ్లంగా మారి, యూరిక్ యాసిడ్ పెరిగి, రాళ్లను అడ్డుకునే సిట్రేట్ తగ్గుతుంది. మానక్కర్లేదు, పూటపూటా తినకుండా ఉంటే చాలు. జలుబు రాదని రోజూ 1,000 మిల్లీగ్రాముల విటమిన్ సి మాత్రలు మింగే అలవాటు రాళ్ల మనుషులకు పనికిరాదు. అది శరీరంలో కొంత ఆక్సలేట్‌గానే మారుతుంది.

9. ఉలవచారు, కొండపిండి, నిమ్మకాయ

రాయి అని చెప్పగానే చుట్టాల్లో ప్రతి ఒక్కరి దగ్గరా ఒక మందు ఉంటుంది. ఉలవచారు, అరటి దూట రసం, కొండపిండి ఆకు, రణపాల ఆకు, బార్లీ నీళ్లు. కొండను పిండి చేస్తుందని పేరులోనే చెప్పుకున్న ఆకు కనుక కొండపిండి మీద గురి ఎక్కువ. కాల్షియం ఆక్సలేట్ రాయి ఒకసారి గట్టిపడ్డాక దానిని కరిగించే మందు ఇంతవరకు ఏ వైద్యంలోనూ నిర్ధారణ కాలేదు. "తాగాను, పడిపోయింది" అన్నవారు అబద్ధం చెప్పడం లేదు. చిన్న రాళ్లు ఎలాగూ పడిపోతాయి, ఆ వారం తాగినదానికి పేరు వస్తుంది. ఉప్పు తగ్గించి ఉలవచారు తాగితే తప్పేమీ లేదు, దానిని నమ్ముకుని స్కాన్ వాయిదా వేస్తేనే తప్పు. బీరు తాగితే రాయి పడుతుందన్న మాట మాత్రం తాగేవారు కనిపెట్టినది. మూత్రం కాసేపు ఎక్కువ వస్తుంది, తరువాత ఒంట్లో నీరు తగ్గుతుంది, పైగా యూరిక్ యాసిడ్ పెరుగుతుంది.

నిమ్మకాయకు మాత్రం ఆధారం ఉంది. దానిలోని సిట్రేట్ మూత్రంలో కాల్షియాన్ని పట్టుకుని గడ్డకట్టనివ్వదు. రోజుకు రెండు కాయల రసం, నీళ్లలో, ఉప్పు వేయకుండా, చక్కెర లేకుండా లేదా అతి తక్కువతో తాగవచ్చు. ఉప్పు వేసిన నిమ్మకాయ సోడా ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో లాక్కుంటుంది. కొబ్బరినీళ్లు, ఉప్పు లేని పలుచటి మజ్జిగ కూడా మంచివే. కిడ్నీలు బలహీనపడి పొటాషియం పెరిగినవారు కొబ్బరినీళ్లు తాగకూడదు. సిట్రేట్ బాగా తక్కువ ఉన్నవారికి వైద్యులు పొటాషియం సిట్రేట్ రాస్తారు.

10. రాయి రకాన్ని బట్టి తరువాతి అడుగు

ల్యాబు జవాబు యూరిక్ యాసిడ్ అని వస్తే ఒక విధంగా అదృష్టమే, ఎందుకంటే మూత్రం ఆమ్లత్వాన్ని మందులతో తగ్గిస్తే ఈ ఒక్క రకం చాలావరకు కరుగుతుంది. మధుమేహం, అధిక బరువు ఉన్నవారిలో ఇది ఎక్కువ. స్ట్రువైట్ అని వస్తే మూత్రంలో మళ్లీ మళ్లీ వచ్చే ఇన్‌ఫెక్షన్‌ను వెతకాలి. చిన్న వయసులోనే సిస్టీన్ రాయి వస్తే అది వంశపారంపర్యం, తోబుట్టువులకూ పరీక్ష అవసరం. రాళ్లు పదేపదే వచ్చేవారు, పిల్లలు, ఒకటే కిడ్నీ ఉన్నవారు రక్తంలో కాల్షియం, యూరిక్ యాసిడ్, 24 గంటల మూత్రపరీక్ష చేయించుకోవాలి. రక్తంలో కాల్షియం ఎక్కువగా ఉంటే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథిని కూడా చూడవలసి వస్తుంది.

ఆ తరువాత ఏడాదికోసారి అల్ట్రాసౌండ్ సరిపోతుంది. నేను ఉగాది వెళ్లిన మొదటి వారంలో, ఎండలు ముదరకముందే చేయించుకుంటాను. పోయిన ఏడాది రిపోర్టులో కుడి కిడ్నీలో 3 మి.మీ. చుక్క ఒకటి కనబడింది. ఈ ఏడాదీ 3 మి.మీ. దగ్గరే ఉంది. వడపోత గిన్నె ఇంకా మేకుకే వేలాడుతోంది.